ప్రశ్న నిచ్చువాని బాధ్యత

విద్యార్థి యొకడు పరుల వ్యాసమును చూచి వ్రాసినచో దోష మెవ్వరిది? విద్యార్థిదే యని లోకము తీర్పు చెప్పును. ఆ తీర్పున సగమే న్యాయమున్నదని మా యభిప్రాయము. చూచి వ్రాయుటకే తగిన ప్రశ్న నిచ్చిన యుపాధ్యాయుడును ఆ దోషమున భాగస్వామియే.

హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థికి ‘మన విశ్వవిద్యాలయ చరిత్ర వ్రాయుము’ అని పని యిచ్చితి మనుకొందము. 1918లో స్థాపన, ఉర్దూలో బోధన, 1939లో ఆర్ట్సు కళాశాల భవన ప్రారంభము, ఇవన్నియు పుస్తకములలో నున్నవే. నేడు కంప్యూటరు నడిగిన క్షణములోనే పుటలకొలది వ్రాసి యిచ్చుచున్నది. ఇక నా పిల్లవాడు పరిశోధించుట కేమి మిగిలినది?

అతనితోనే ‘తార్నాక చౌరస్తాకు పోయి యిరువది యంగళ్ల పేరుపలకలను చూడుము. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ ఎన్నింట నున్నవో లెక్కించుము. ఆ భాష నేల యెంచుకొంటిరని యజమానుల నడుగుము. ఒకప్పు డుర్దూలో ఉన్నతవిద్య గరపిన చోటి సమీపమున నీ లెక్క యేమి తెలుపుచున్నదో వ్రాయుము’ అని చెప్పినచో? ఈ యుత్తర మే గ్రంథమునను లేదు. మొదటి యంగడికడనే చిక్కు వచ్చును. ‘మెడికల్ షాపు’ అని తెలుగు లిపిలో నున్న పలకను తెలుగులో జేర్పవలెనా, ఇంగ్లీషులోనా? లిపిని లెక్కించుచున్నానా, భాషనా యని యతడు తన్ను తా నడుగుకొనక తప్పదు. ఈ సందేహము పుట్టింపని ప్రశ్నకు పరిశోధన మను పేరు పెట్టుట పేరునకు ద్రోహము.

పెద్దల పనియు నిట్లే సాగినది. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు వెదకి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశమున 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటములోని పదములు పాత నిఘంటువులనుండి యెత్తి వ్రాసినవి కావు, సేద్యగాండ్ర నోట విని కూర్చినవి.

ఇట్టి ప్రశ్న లిచ్చిన దిద్దుపని పెరుగునని తోటి యుపాధ్యాయు లందురు. నిజమే. చదువకయే మార్కులు వేయ వీలైన వ్యాసమును మన మడుగుటకు కారణ మదియే కాదా? రాత్రిళ్లు కూలికి పోయి చదువుకొను పిల్లల కీ తిరుగుడు భారమన్న యాక్షేపణ మాత్రము గట్టిది. వారికి పది యంగళ్లు చాలును, ఇద్దరు కలసి చేసినను తప్పులేదు.

వ్యాసముతోపాటు, అంగడి ముందర నిలిచి గిలికిన చిత్తు కాగితములనుగూడ తీసికొని వానికిని మార్కు లీయవలెను. యజమాని ‘ఏమో బాబూ, బోర్డువాడే అట్లా రాసినాడు’ అన్నచో, ఆ మాటనే యున్నదున్నట్లు వ్రాసి తెచ్చినవానికి మార్కులు తగ్గింపరాదు.