ప్రార్థనయు ఔషధమును



రాజైన హిజ్కియా మరణకరమైన రోగముతో పడకమీదనుండి కన్నీటితో ప్రార్థించెను. దేవుడాలకించి అతని ఆయుష్షునకు 15 సంవత్సరములు కూర్చెను. అయినను ప్రవక్తయైన యెషయా ఊరకుండక, అంజూరపుపండ్ల ముద్దను పుండుమీద వేయించెను (2 రాజులు 20). వాగ్దానము చేసిన దేవుడు మందును తోసివేయలేదు.

మధుమేహముగల వారికిది గొప్ప పాఠము. “నాకు విశ్వాసము కలదు, ఇక మాత్రలెందుకు, సూదిమందెందుకు?” అని కొందరందురు. 1922 జనవరిలో టొరంటో నగరమున ఈ వ్యాధిచే కృశించిన 14 ఏండ్ల బాలునికి ఇన్సులిన్ ఇయ్యగా అతడు కోలుకొనెను. అంతకుముందు అట్టి పిల్లలు కొద్దికాలములోనే మరణించుచుండిరి. ఈ మేలు దేవుని చేతినుండి వచ్చినదని యెంచవలదా?

రక్తములో చక్కెర హద్దుమీరినను తరచుగా మొదట నొప్పి తెలియదు. అయినను అది కన్నులను, మూత్రపిండములను, నరములను మెల్లగా చెరుపును. పరగడుపు పరీక్షలో 100 మిల్లీలీటర్లకు 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో వైద్యుని యొద్దకు వెళ్లుడి. అన్నము మితముగా తినుడి, దినదినము నడువుడి, పాదములకు పుండ్లు లేకుండ చూచుకొనుడి. వైద్యుడు చెప్పక మందు మానకుడి. చక్కెర మిక్కిలి తగ్గినను ప్రాణాపాయమే గనుక, ఉపవాస ప్రార్థనకు ముందు అతని నడుగుడి. ప్రేమవిందులో ఇట్టివారిని మిఠాయి తినుమని బలవంతపెట్టకుడి.

హిజ్కియావలె ప్రార్థించుదము, అతనివలె ముద్దను కూడ వేయించుకొందము. దేవుడు కూర్చిన సంవత్సరములు ఆయన సేవకే వినియోగమగును గాక. ఆమేన్.