ఆకృతి యెవరి కొఱకు?

దుకాణమున దొరకు దీర్ఘచతురస్రపు చేపలతొట్టితో తృప్తిపడక, తన గది మూలకును తన కంటికిని నచ్చిన ఆకృతిలో తొట్టిని తానే గీసి, తానే అతికి, నీరు నింపి, అందు చేపలను విడువవలెనను కోరిక సౌందర్యదృష్టి గల గృహస్థునకు సహజముగా కలుగునదే. ఆ కోరికను నేను తప్పు పట్టను. అయినను, కాగితము ముందర పెట్టుకొని మొదటి గీత గీయబోవునప్పుడే యొక ధర్మసందేహము ఎదురగును: ఈ ఆకృతిని నిర్ణయింపవలసినది చూచువాని నేత్రమా, అందు బ్రదుకవలసిన ప్రాణి శరీరమా? చిన్నదిగా తోచు ఈ ప్రశ్నలో, స్రష్టకును సృష్టికిని గల సంబంధమును గూర్చి మన పెద్దలు చేసిన విచారము చాలవఱకు ఇమిడియున్నదని నా విశ్వాసము.

గోడలు రెండు కలియు మూలలో ఒదుగు తొట్టి నొకదానిని తీసికొందము. 60 సెంటీమీటర్ల భుజము గల చతురస్రమున ముందరి మూలను, ఇరుప్రక్కల 30 సెంటీమీటర్ల చొప్పున విడిచి, ఏటవాలుగా కోసివేసినచో ఐదు భుజముల పీఠ మేర్పడును. గోడలను ఆనుకొని రెండు, వాని కొసల నుండి పొట్టివి రెండు, ఎదుట సుమారు 42 సెంటీమీటర్ల వెడల్పు గలది ఒకటి, ఇట్లు ఐదు గాజుపలకలు దానిపై నిలువవలెను. 40 సెంటీమీటర్ల లోతున నీరు నింపినచో 126 లీటర్లగును, అనగా 126 కిలోల బరువు. ఎదుటి పలక నొక్కదానినే నీరు సుమారు 34 కిలోల భారముతో వెలుపలికి నెట్టును. పగలనక రేయనక, ఇంటివారు నిద్రించుచున్నను మేల్కొనియున్నను, తొట్టి యున్నంత కాలము నెట్టుచునే యుండును. ఆ పలక ప్రక్కపలకతో 135 డిగ్రీల కోణమున కలియును గనుక, రెండంచులను సమముగా ఏటవాలుగా నూరనిచో గాజు గాజును సన్నని గీతమేర మాత్రమే తాకి, భారమంతయు సందున నింపిన సిలికాన్ జిగురుపై పడును. స్నానపుగదులకై బూజుమందు కలిపి అమ్ము జిగురు దీనికి పనికిరాదు. ఆ మందు నీటిలో దిగి చేపలకు విషమగును. మంచి జిగురు ఆరునప్పుడు వెనిగర్ వాసన కొట్టును. ఆ వాసన బొత్తిగా పోవువఱకు నీరు పోయరాదు. పిమ్మట అతుకుల క్రింద పొడికాగితపు చీలికలు పఱచి, నీరు నింపి, కనిపెట్టి యుండవలెను. ఏ చీలిక తడిసినదో ఆ పైనున్న అతుకును మరల విప్పి అతుకవలెను.

ఇంతవఱకు చెప్పినదంతయు నిర్మాత పక్షమునుండి చెప్పినది. చేప పక్షమునుండి చూచినచో లెక్క వేఱుగా నున్నది. ఈ తొట్టి పీఠము 3150 చదరపు సెంటీమీటర్లు. అందు చేప తిన్నగా ఈదగల మిక్కిలి పొడవైన దారి మూలనుండి మూలకు 85 సెంటీమీటర్లు. అంతే వైశాల్యమును 105 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల సామాన్యపు తొట్టిగా మలచినచో ఆ దారి 109 సెంటీమీటర్లగును. మన గది అందము కొఱకు చేప తన దారిలో 24 సెంటీమీటర్లు కోలుపోయినది. అదే 126 లీటర్లను మీటరెత్తు స్తంభముగా నిలిపినవాడు ఇంకను ఎక్కువ తీసికొనుచున్నాడు; ప్రాణవాయువు నీటిలో ప్రవేశించునది ముఖ్యముగా పైతలమునుండియే కాగా, ఆ తలము 1260 చదరపు సెంటీమీటర్లకు కుంచించుకొనిపోవును. ఈ ఋణమును పంపులతోను గాలిబుడగలతోను కొంతవఱకు తీర్చవచ్చును గాని, ఋణము చేసినది మనమను సంగతి మఱువరాదు.

ఇటలీలోని మోంజా నగరపాలకులు 2004లో గుండ్రని గాజుపాత్రలలో బంగారుచేపల నుంచరాదని శాసించిరి. వంపుగాజు గుండ చూచు చేపకు లోకము వక్రముగా కానవచ్చును గావున అట్లుంచుట క్రౌర్యమని దానికి చెప్పబడిన హేతువు. స్టీఫెన్ హాకింగ్, లియొనార్డ్ మ్లోడినోతో కలిసి 2010లో ప్రకటించిన గ్రంథమున ఈ శాసనమునే ప్రస్తావించి, మనము చూచు లోకము మాత్రము వక్రము కాదనుటకు ప్రమాణ మేమని ప్రశ్నించెను. ఆ చేపయు తన లోకమునకు సరిపడు గతినియమములను కనుగొనగలదని వాదించెను. ఘటాకాశ మహాకాశముల దృష్టాంతము వినియున్న వేదాంతికి ఇది పరిచితమైన భూమియే. ఆకాశమును ఘటము పరిచ్ఛేదించినట్లు చైతన్యమును దేహాదిరూపమైన ఉపాధి పరిచ్ఛేదించుచున్నది. ఏ జీవుడైనను తన ఉపాధి గుండనే లోకమును చూచును. కాని ఇచ్చట ఒక ప్రమాదము పొంచియున్నది. సర్వమును ఉపాధికల్పితమే యైనప్పుడు చేపకు కలుగు వక్రదృష్టి మాత్రము ఏపాటి దోషమని కొందఱు అనవచ్చును. ఆ వాదమును నేను అంగీకరింపజాలను. నాకు నా ఉపాధిని కల్పించినది నేను కాను. చేపకు ఆ గాజు ఉపాధిని కల్పించినది నేను. మాయావాదము నా కర్మకు నన్ను కర్తగా నిలువకుండ చేయునది కాదు.

కర్తృత్వమును గూర్చి తైత్తిరీయోపనిషత్తు చేసిన బోధ నా కీ సందర్భమున మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. పరబ్రహ్మము జగత్తును సృజించి వెలుపల నిలిచి వినోదము చూడలేదు. ఆ సృష్టిలోనే అనుప్రవేశము చేసెను. తొట్టి నిర్మించు మానవుడో గాజునకు ఈవలనే కుర్చీ వేసికొని కూర్చుండును. స్రష్ట యను పేరు తనకు వహించుకొని, స్రష్ట వహించిన బాధ్యతను మాత్రము విడిచిపెట్టును.

నీటిలోనికే దిగిన యొక ఋషి కథ భారతమున అనుశాసనపర్వమునందు కలదు. చ్యవనమహర్షి గంగాయమునాసంగమమున జలములలో మునిగి పండ్రెండేండ్లు తపస్సు చేసెను. జాలరులు వల లాగగా చేపలతోపాటు ఋషియు ఒడ్డునకు వచ్చెను. వలలో కొట్టుకొని చచ్చుచున్న చేపలను చూచి ఆయన, ఇన్నాళ్లు కలిసి వసించిన వీనిని విడువనని, వీనితో కలిసి మరణింతును, లేదా వీనితో కలిసి అమ్ముడుపోవుదునని నిశ్చయించెను. రాజైన నహుషుడు వచ్చి సర్వరాజ్యమును ఒడ్డినను అది తనకు తగిన మూల్యము కాదనెను. తుదకు ఒక గోవు మూల్యముగా కుదిరినది. నాకు ఈ కథలో అద్భుతముగా తోచునది సహవాసమునే ధర్మబంధముగా ఆయన గ్రహించుట. చేపలు ఆయనను ఆశ్రయింపలేదు, ఆయన వానిని పెంచలేదు. ఒకే నీటిలో ఉండుట మాత్రమే జరిగినది. అంతమాత్రముననే అంత ఋణము ఏర్పడినచో, కొని తెచ్చి, గాజుపలకల నడుమ విడిచి, పిడికెడు మేతకై మన చేతివంక చూచునట్లు చేసికొన్న ప్రాణికి మన మెంత ఋణపడుదుము!

భక్తి యుండినంత మాత్రమున ఈ ఋణము తీరదనుటకు అక్వేరియం చరిత్రయే సాక్ష్యము. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రవేత్త 1850లో బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒకేచోట ఉంచి, ఒకటి విడుచునది మఱియొకదానికి ఆహారమగు సమతౌల్యమును ప్రదర్శించెను. ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ప్రకటించిన గ్రంథముతో ఈ వేడుక ఇంగ్లండునందు ఇంటింటికి ప్రాకినది. గాస్ పరమభక్తుడు, సముద్రపుటొడ్డు రాతిగుంటలలోని ప్రతి జీవియందును ఈశ్వరుని చేతిపనిని చూచి పరవశించినవాడు. ఆయన వర్ణించిన అందమును ఇంటికి తెచ్చుకొనవలెనని జనులు తీరమునకు ఎగబడగా ఆ రాతిగుంటలు శూన్యములైనవి. ఆ దుఃఖమును ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో తండ్రిని గూర్చి వ్రాసిన గ్రంథమున చెప్పుకొన్నాడు. సృష్టిని ప్రేమించిన కన్ను దానిని కొల్లగొట్టుటకు త్రోవ చూపినది.

భాగవతమున సత్యవ్రతుడు ఈ విషయమున మనకు ఆదర్శప్రాయుడు. దోసిట పడిన చేపపిల్లను కమండలువున ఉంచగా అది చాలలేదు. పెద్దపాత్రయు చాలలేదు, సరస్సును చాలలేదు. చేప ఇరుకని చెప్పిన ప్రతిసారియు ఆ రాజు పాత్రను మార్చెనే కాని, పాత్రకు తగినట్లు ఒదిగియుండుమని చేపను కోరలేదు. ఆ చేప శ్రీహరియని ఆయన ఎఱిగినది తరువాతనే.

కావున గీత గీయుటకు ముందే ప్రాణిని నిర్ణయింపవలెనని నా అభిప్రాయము. గంగా, బ్రహ్మపుత్రా పరీవాహములలో పుట్టిన జీబ్రాచేపలు గుంపుగా పరుగులిడు స్వభావము గలవి. వానికి ఆ మూలతొట్టి తగదు, గోడవెంబడి పొడవుగా సాగిన సామాన్యపు తొట్టియే తగును. మూలయే కావలెనని ఇంటివారు పట్టుబట్టినచో, సియాం దేశపు లోతులేని నిలువనీటి జీవియై, పైతలమునకు వచ్చి గాలి పీల్చుకొను ఫైటర్ చేపను, మగదానిని, ఒక్కదానినే, దట్టమైన మొక్కల నడుమ ఉంచవచ్చును. దానికి 40 సెంటీమీటర్ల లోతు అక్కఱలేదు, 25 చాలును. అప్పుడు నీరు 79 లీటర్లకు దిగును, ఎదుటి పలకపై ఒత్తిడి 34 కిలోలనుండి 13 కిలోలకు తగ్గును, పలకలను పొట్టిగా కోయించవచ్చును.