భుజాలు కప్పుకొమ్మన్నది ఎవరు?

మధ్యధరా సముద్రం మీద తిరిగే పెద్ద ఓడల్లో ఇప్పుడు మనవాళ్లు బాగానే కనిపిస్తున్నారు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు వేసవిలో అమ్మానాన్నల్ని రప్పించుకుని, అటునుంచి అటే క్రూయిజ్‌కి తీసుకెళ్తున్నారు. మేమూ అలా వెళ్లినవాళ్లమే. టిక్కెట్లు కొన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే చర్చ, ఏం కట్టుకోవాలని. మా అమ్మాయి ఫోన్లో జాబితా చదివి వినిపించేది. పగటిపూట ఓడలో ఎలా తిరిగినా ఫరవాలేదు. డెక్ మీద గాలి, లోపల ఏసీ చలి, కాబట్టి స్వెటర్ ఉండాలి. ఈతకొలను నుంచి తడిబట్టలతో భోజనాల హాల్లోకి రాకూడదు. ఫార్మల్ నైట్ నాడు మగవాళ్లకి సూటు, ఆడవాళ్లకి మంచి గౌను. రేవుల్లో నడక ఎక్కువ కనుక మెత్తటి బూట్లు. చర్చిలకీ మసీదులకీ వెళ్లే రోజు భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, ఆడవాళ్ల సంచీలో ఒక స్కార్ఫ్ ఉండాలి.

వీటిలో చాలావరకు చలిగాలి గురించో నలుగురి మధ్య మర్యాద గురించో చెప్పినవి. చివరిదొక్కటే దేవుడి పేరు మీద వచ్చింది. నా మనసు దాని దగ్గరే ఆగింది.

నేను చీర తప్ప మరొకటి కట్టను. ఓడలో చీరకి వచ్చిన ఇబ్బంది పెద్దగా లేదు. గంజి పెట్టిన నూలుచీర మాత్రం డెక్ మీద తెరచాప అయిపోతుంది. షిఫాన్‌కి రెండు పిన్నీసులు పెడితే చాలు. సాంటొరీనిలో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, సముద్రంలోనే ఆగుతాయి. ఊగే పడవలోకి దిగి ఒడ్డుకి వెళ్లాలి. కుచ్చిళ్లు జానెడు పైకెత్తి బొడ్డు దగ్గర దోపుకుని, ఒక చేత్తో రాటని పట్టుకుని దిగిపోయాను. ఫార్మల్ నైట్‌కి కంచిపట్టు కట్టుకున్నాను. మా ఆయన సూటు ససేమిరా అని పట్టుపంచె, లాల్చీ, కండువాతో వస్తే, గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాడు తల వంచి దారి చూపించాడు. ముస్తాబు ఓపిక లేనివాళ్లు పై అంతస్తులో బఫే దగ్గర మామూలు బట్టలతోనే తిన్నారు. నియమం ఉంది గానీ దాని పేరు చెప్పి ఎవరి తిండీ ఆపలేదు. ఈ మాట తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

రోమ్ చూడాలంటే ఓడ దిగేది చివిటవెక్కియా రేవులో. అక్కణ్ణుంచి రోడ్డు మీద గంటా గంటన్నర ప్రయాణం. సెయింట్ పీటర్స్ చర్చి ముందు వరుస ఎండలో మెల్లగా కదులుతోంది. మా మనవరాలు చేతుల్లేని గౌను వేసుకుంది. వాళ్లమ్మ సంచీలోంచి శాలువా తీసి కప్పబోతే అది మొండికేసింది. "దేవుడికి భుజాలంటే పడదా అమ్మమ్మా? గురువాయూర్‌లో నాన్న చేత షర్ట్ విప్పించారుగా! అక్కడ గాడ్ విప్పమన్నాడు, ఇక్కడ గాడ్ కప్పుకోమన్నాడు. ఏదో ఒకటి డిసైడ్ చేసుకోమను."

పిల్ల నవ్వుతూనే అంది. కానీ ప్రశ్న పిల్లది కాదు. చర్చిలోకి అడుగుపెట్టే మగవాడు టోపీ తీస్తాడు. యూదుల ప్రార్థనాలయంలో మగవాడు టోపీ పెట్టుకుంటాడు. గురుద్వారాలో ఆడా మగా అందరూ తల కప్పుకోవాలి. కేరళలోని గురువాయూర్ గుళ్లో మగవాడికి పైన చొక్కా ఉండకూడదు. ఇవన్నీ ఒక్క దేవుడి అభిరుచులైతే ఆయనకి స్థిరత్వం లేనట్టే. కాబట్టి ఇవి ఆయన అభిరుచులు కావు. అయితే వీటన్నిటికీ ఉమ్మడిగా ఒకటుంది. వీధిలో నడిచొచ్చినట్టే లోపలికి నడిచిపోవడానికి లేదు. గుమ్మం దగ్గర ఏదో ఒకటి తీయాలి, లేదా ఏదో ఒకటి వేసుకోవాలి. ఏది అన్నది ఆచారం. తీయడం, వేసుకోవడం అనే పనిలోనే అసలు సంగతి ఉందని నాకు అనిపిస్తుంది. పొద్దున్నుంచి నా ఇష్టప్రకారం నడిచిన మనిషిని, ఇక్కడ కాసేపు నా ఇష్టాన్ని పక్కన పెడుతున్నాను. దేవుడికి కావలసింది బట్ట కాదు. ఆ కాసేపు పక్కన పెట్టగలగడం నాకే అవసరం.

ఇస్తాంబుల్‌లో ఈ ఆలోచన మరింత తేటపడింది. హాగియా సోఫియా 537లో చర్చిగా లేచింది. 1453లో ఒట్టోమన్లు నగరాన్ని గెలిచాక మసీదయింది. 1934లో దాన్ని మ్యూజియం చేయాలని టర్కీ ప్రభుత్వం నిర్ణయించింది. 2020లో మళ్లీ మసీదు చేశారు. మ్యూజియంగా ఉన్న కాలంలో ఆడవాళ్లు తల కప్పుకోకుండానే ఆ గుమ్మటం కింద తిరిగారు. ఇప్పుడు కప్పుకోవాలి. గుమ్మటం అదే, గోడల మీది మొజాయిక్ బొమ్మలూ అవే. పవిత్రత రాతిలోనే ఉంటే ఆ మ్యూజియం ఏళ్లలోనూ స్కార్ఫ్ కావాల్సిందే కదా! కాబట్టి అడిగేది రాయి కాదు, అక్కడ మోకరిల్లే మనుషులు. వాళ్ల ఇంటికి మనం చుట్టాలుగా వెళ్తున్నాం, అంతే.

ఇంతవరకూ బాగానే ఉంది. దగ్గర్లోనే ఉన్న నీలి మసీదు గుమ్మంలో చెప్పులు విప్పి, కొంగు తల మీదికి లాక్కోబోతూ ఆగిపోయాను. మా గోదావరి జిల్లాలో, మా ఇళ్లల్లో, ఆడవాళ్లు కొంగు నెత్తిన వేసుకోవడం మామూలు అలవాటు కాదు. నాకు తెలిసిన ముసుగు మా నాయనమ్మది. చిన్న వయసులోనే భర్త పోతే ఆమెకి తల గొరిగించి ముతక తెల్లచీర కట్టబెట్టారు. మంగలి వచ్చే రోజున మమ్మల్ని పెరట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. ఆ కొంగు జారకుండా చెవి వెనక్కి తోసుకోవడం ఆమె చేతికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ ఊరికి పెద్ద దూరం లేని మా ఇంట్లోకి ఆ గాలి నాయనమ్మ బతికుండగా రాలేదు. ఆమె ముసుగుకీ శాస్త్రమనే పేరే పెట్టారు, భక్తి అనే అన్నారు.

అప్పుడు తట్టింది, బట్టని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదని. ఎవరు అడిగారు, ఎవరిని అడిగారు, కాదంటే ఏమవుతుంది అన్నవి కూడా చూడాలి. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు పోరాడారు. 1859లో గానీ రాజు ఒప్పుకోలేదు, అదీ పైకులాల ఆడవాళ్ల తీరులో కట్టుకోకూడదనే షరతుతో. ఆ వైపు గుళ్లలోనే మగవాడు చొక్కా విప్పడం వినయమైంది. పైన గుడ్డ లేకపోవడం ఒకరికి భక్తి, ఇంకొకరికి అవమానం. మా అల్లుడు చొక్కా విప్పింది తనకై తాను. ఆ స్త్రీలకి ఆ వీలు లేదు. జంధ్యం ఉందో లేదో చూడటానికే ఈ చొక్కా నియమం పుట్టిందనీ, దాన్ని ఎత్తేయాలనీ శివగిరి మఠాధిపతి స్వామి సచ్చిదానంద 2024 చివర్లో బహిరంగంగానే అన్నారు. మఠం నుంచే ఆ మాట రావడం నాకు నచ్చింది.

ఇక కోరి కట్టుకోవడం సంగతికొస్తే, ఓడ మీద బట్టల గురించి మనదేశంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి గాంధీగారే అనుకుంటాను. 1888లో సముద్రం దాటుతున్నందుకు కులం వెలేసినా ఇంగ్లండ్‌కి ఓడెక్కారు. ఓడలో నల్లసూటు వేసుకుని, తెల్ల ఫ్లానెల్ సూటుని దిగే రోజు కోసం దాచుకున్నారు. తీరా దిగితే తెల్లబట్టల్లో ఉన్నది తనొక్కడే. 1921లో మధురైలో కొల్లాయికి మారారు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి రాజపుతానా అనే ఓడలో వెళ్లినప్పుడు ఆ కొల్లాయి, శాలువాతోనే బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజుని కలిశారు. వెంట వచ్చినవాళ్లు పెట్టెల కొద్దీ సామాను తెస్తే మందలించి, అనవసరమైనవి ఏడెన్ నుంచి వెనక్కి పంపించారు. మొదటి ప్రయాణంలో ఎదుటివాళ్ల కళ్లకి నచ్చాలనే ఆరాటం, రెండో దాంట్లో తను పట్టిన వ్రతం. లేనివాడు గత్యంతరం లేక కట్టుకునే గుడ్డని ఆయన కోరి కట్టుకున్నారు కాబట్టే దానికి అంత బలం వచ్చింది.

మరి నీలి మసీదులో నేనేం చేశానంటే, కొంగు కప్పుకునే లోపలికి వెళ్లాను. తల కప్పుకోమన్నది ఆడవాళ్లనే కదా, మగవాళ్లని కాదు కదా అని మా అమ్మాయి గుసగుసలాడింది. నిజమే. పొట్టి నిక్కర్లతో వచ్చిన మగవాళ్లకీ అక్కడ నడుముకి గుడ్డ చుట్టిస్తారు గానీ తల మాత్రం ఆడవాళ్లదే. కానీ చుట్టంగా వెళ్లిన ఇంట్లో వంటింటి పద్ధతులు దిద్దను. ఆ ఇంటి ఆడపడుచులు దాని మీద వాదించుకుంటే వాళ్ల పక్షాన ఉంటాను. నేను వాదించాల్సింది మా ఇంట్లో, మా గుళ్లో. నాయనమ్మ తరఫున మాట్లాడాల్సిన చోటు అదే.

ఆ మసీదు గుమ్మంలో ఒకటి చూసి నేర్చుకున్నాను. స్కార్ఫ్ తెచ్చుకోనివాళ్లకి అక్కడే ఉచితంగా ఇస్తారు, వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. నియమం పెట్టినవాళ్లే దాన్ని పాటించే దారి కూడా చూపించారు. రోమ్‌లో ఆ పని చౌరస్తాలో శాలువాలమ్మే కుర్రాళ్లకి వదిలేశారు. మన దగ్గరా చాలా గుళ్ల బయట పంచెలు అద్దెకిచ్చే కొట్లు కనిపిస్తాయి. తిరుమలలో ఆర్జిత సేవలకి పంచె, చీర, చుడీదార్ మీద చున్నీ అన్న నియమం ఉంది. నాకు దానితో పేచీ లేదు. పంచె లేక కూలీ మనిషి వెనుదిరగాల్సి రావడంతోనే నా పేచీ. కాబట్టి మా ఊరి ఆలయ కమిటీకి ఉత్తరం రాశాను. బట్టల బోర్డు పెట్టాలనుకుంటే, దాని కిందే ఉతికిన పంచెలూ చున్నీలూ ఒక బుట్టలో పెట్టండి, డబ్బు అడక్కండి, కులం అడక్కండి, ఉతికించే ఖర్చు నేను పెట్టుకుంటాను అని. జవాబు ఇంకా రాలేదు. వచ్చే సమావేశానికి స్వయంగా వెళ్లి అడుగుతాను.