మొదటి స్థానమా, మధ్య స్థానమా?



పెండ్లి సంబంధాల ప్రకటనలు మీరు చదివే ఉంటారు. మన కథోలిక కుటుంబాలవారు వేయించే వాటిలో చాలాసార్లు మొట్టమొదట "ఆర్.సి." అని రెండక్షరాలుంటాయి. ఆ ప్రక్కనే కులం, తర్వాత చదువు, ఉద్యోగం, ఎత్తు, రంగు. ఆ తల్లిదండ్రులను అడిగి చూడండి. "మా ఇంట్లో క్రీస్తు ప్రభువుకే ప్రథమ స్థానమండీ ఫాదర్ గారూ" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ప్రకటనను కూడ ఆయన పేరు మీదనే మొదలుపెట్టారు గదా! అయితే వచ్చిన సంబంధాలలో దేనిని ఉంచుకోవాలో, దేనిని త్రోసివేయాలో తేల్చేది ఆ మొదటి మాట కాదు, రెండవ మాట.

పునీత పౌలు గారు కొలోస్సీయులకు లేఖ వ్రాయవలసి వచ్చింది ఇటువంటి చిక్కు వల్లనే. కొలోస్సీ నేటి టర్కీ దేశంలో, లవొదికయకు దగ్గరలో ఉండిన పట్టణం. పౌలు గారు ఆ ఊరివారిని చూడలేదు. వారికి సువార్త చెప్పినవాడు ఎపఫ్రా. గమనించండి, ఆ విశ్వాసులు క్రీస్తును విడిచిపెట్టలేదు. ఆయనకు తోడుగా మరికొన్ని చేర్చుకొన్నారు. అమావాస్య పాటింపులు, తినదగినవి తినరానివి, దేవదూతల ఆరాధన, లోకాన్ని ఏలుతున్నాయని జనం భయపడే అదృశ్య శక్తులు. క్రీస్తు గొప్పవాడే, అయినా ఎందుకైనా మంచిదని వీటిని కూడ ఒక కంట చూసుకొందాం అన్న ధోరణి. "ఎందుకైనా మంచిది" అన్న మాట మనకు క్రొత్త కాదు. దివ్యపూజాబలి ఎప్పుడు మొదలైనా ఫరవాలేదు, తాళి మాత్రం ఉదయం 10 గంటల 20 నిమిషాలకే పడాలని గురువు చెవిలో చెప్పే పెద్దలు మన విచారణలలో లేరా?

వారికి సమాధానంగా పౌలు గారు క్రీస్తును ఆ శక్తుల జాబితాలో పైన నిలబెట్టి ఊరుకోలేదు. ఆయనను "అర్ఖే" అన్నారు. గ్రీకు తత్త్వశాస్త్రంలో ఈ మాటకు పెద్ద చరిత్ర ఉంది. మొదలు అని ఒక అర్థం, మూలం అని మరొక అర్థం, ఏలుబడి అని ఇంకొకటి. వరుసలో మొదటివాడు వేరు, మూలమైనవాడు వేరు. బడిలో మొదటి ర్యాంకు పిల్లవాడు ఊరు విడిచి వెళితే రెండవవాడు మొదటివాడవుతాడు, తరగతి యథాప్రకారం నడుస్తుంది. బండి చక్రంలో కుండను తీసివేస్తే మాత్రం ఆకులు ఒక్కటీ నిలవవు. సమస్తమూ క్రీస్తునందే నిలిచి ఉన్నదని ఆ లేఖ మొదటి అధ్యాయం చెప్పేది ఈ రెండవ విధమైన ఆధిక్యాన్ని. మొదటి స్థానం ఇవ్వడం సులువు, క్రింద ఉన్నవేవీ కదలనక్కరలేదు. మధ్య స్థానం ఇస్తే ప్రతిదీ తన చోటు మార్చుకోవాలి.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. క్రీస్తే సర్వమైతే మరి భార్య, బిడ్డలు, చేసే పని ఏమైనట్లు? ఆయనకు ఎక్కువ ఇస్తే వారికి తక్కువ పడదా? అనుమానం న్యాయమైనదే. కాని ప్రేమను పళ్ళెంలోని అన్నంలాగ లెక్కించినప్పుడే అది నిలుస్తుంది. 451వ సంవత్సరంలో కల్సెదోను మహాసభ ఏమి నిర్ణయించింది? క్రీస్తునందు దైవస్వభావము, మానవస్వభావము రెండూ సంపూర్ణమనీ, ఒకదానివల్ల మరొకటి చెడిపోదనీ గదా. దేవుడు మనిషికి పోటీదారుడైతే అది జరిగే పని కాదు. ఆయన కోసం భార్యను ఇంకా బాగా చూసుకొన్న భర్త ఆమె వాటాలోనుంచి ఏమీ తీసి దేవునికి ఇవ్వలేదు. పోటీకి వచ్చేవి వేరే ఉన్నాయి. మన మీద ఏలుబడి చేసేవి.

వాటిని పౌలు గారు పేరుపెట్టి చెప్పారు. గ్రీకువాడు, యూదుడు, అనాగరికుడు, దాసుడు, స్వతంత్రుడు అన్న భేదాలు క్రీస్తునందు చెల్లవన్నది ఈ లేఖలోనే, మూడవ అధ్యాయంలో. ఊరికే సిద్ధాంతం కాదది. యజమాని ఫిలేమోను నుండి దూరమైన దాసుడు ఒనేసిమును మీవాడేనని చెప్పి అదే కొలోస్సీకి పంపుతున్నారాయన. అతనిని ఇక దాసునిగా గాక ప్రియసోదరునిగా చేర్చుకొమ్మని ఫిలేమోనుకు వేరే ఉత్తరం వ్రాశారు. దాస్య వ్యవస్థను పౌలు గారు రద్దు చేయమనలేదు. దాసులు యజమానులకు లోబడి ఉండాలని కూడ ఇదే లేఖలో ఉన్నది. దానిని దాచనక్కరలేదు. అయినా ఆ ఇంటి ప్రార్థన కూటంలో ఒనేసిము అడుగుపెట్టిన నాడు ఫిలేమోను ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు. క్రీస్తు మధ్యలో ఉన్నారా, లేక గోడ మీద పటంగా ఉన్నారా?

మన దగ్గర ఆ అడుగు ఇంకా సగంలోనే ఉంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంథోని గారు కార్డినల్ అయ్యారు. దళితులలో ఆ పదవి పొందిన తొలి వ్యక్తి ఆయనే. అంతటా పండుగ చేసుకొన్నాం, చేసుకోవలసినదే. 2016లో భారత పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని కూడ ప్రకటించింది. మరి ఒకే పాత్రలోని దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించి వెళ్ళినవారు ఒకరి ఇంట ఒకరు భోంచేస్తున్నారా? వియ్యమందుతున్నారా? కట్నం సంగతి నేనిక్కడ ఎత్తడం లేదు, దానికి ఈ పుట చాలదు.

క్రీస్తురాజు మహోత్సవాన్ని 11వ పయస్ పాపుగారు 1925 డిసెంబరు 11న నెలకొల్పారు. ప్రపంచ యుద్ధం ముగిసి ఏడేళ్ళయింది, నిసియా మహాసభకు 1600 ఏళ్ళు నిండిన సంవత్సరమది. ఆనాడు అక్టోబరు చివరి ఆదివారం జరిగేది. 1969లో చేసిన మార్పుతో దైవార్చన సంవత్సరపు చివరి ఆదివారానికి వచ్చింది. ఆ పండుగనాడు చాల విచారణలలో ఊరేగింపు తీస్తాం. జెండాలు, బ్యాండు మేళం, రాజుకు జేజేలు. ఏ వీధులగుండా వెళ్ళాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో ముందే పెద్దలు కూర్చొని నిర్ణయిస్తారు. ఈ ఏడు ఆ సమావేశానికి మీరు కూడ వెళ్ళండి. రథం ఏ మలుపు దగ్గర ఆగి వెనక్కి వస్తున్నదో, ఆ మలుపుకు అవతల ఎవరి ఇళ్ళున్నాయో అడగండి.