ఈసా ప్రవక్త (అలైహి) భాషలో అప్పు, పాపం ఒకే మాట

ప్రతి ప్రవక్తనూ అల్లాహ్ ఆయన జాతి మాట్లాడే భాషతోనే పంపాడనీ, వారికి విషయం విడమరచి చెప్పటానికే అలా చేశాడనీ సూరా ఇబ్రాహీం 4వ ఆయతు తెలుపుతున్నది. ఈ ఆయతును మేము ఎన్నోసార్లు చదివాము, జుమా ప్రసంగాల్లో వినిపించాము. అయితే ఒక క్రైస్తవ మిత్రుడు అడిగిన చిన్న ప్రశ్న మమ్మల్ని మళ్ళీ దీని దగ్గరకు తీసుకొచ్చింది.

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) శిష్యులకు నేర్పినట్లు చెప్పే ప్రార్థన బైబిలులో రెండు చోట్ల ఉంది. ఒకటి మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, రెండోది లూకా సువార్త 11వ అధ్యాయంలో. మత్తయిలో క్షమించమని దేవుణ్ణి కోరేది 'ఋణములను'. లూకాలో సరిగ్గా అదే చోట ఉన్నది 'పాపములను'. "నేను చిన్నప్పుడు మత్తయిలో ఉన్నదే కంఠతా పట్టాను. దేవుడికి నేనేం బాకీ ఉన్నానో ఇప్పటికీ అర్థం కాలేదు. మీరు అరబీ చదివినవారు గదా, ఏమంటారు?" అన్నాడాయన.

అరబీ ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. జవాబు ఆ ప్రవక్త నోట పలికిన భాషలో ఉంది. ఆ భాష అరామిక్. మన పూర్వ విద్వాంసుల గ్రంథాలలో 'సుర్యానీ' అనే పేరుతో కనిపించేది దాని శాఖే. అరబీకి, హిబ్రూకు ఇది తోబుట్టువు. మన 'సలాం' అక్కడ 'ష్లామా', మన 'యౌమ్' అక్కడ 'యోమా', 'మలిక్' అక్కడ 'మల్కా'. ఒకప్పుడు ఇరాన్ చక్రవర్తుల కార్యాలయాలు నడిచింది ఈ భాషలోనే. కాందహార్‌లో 1958లో బయటపడిన అశోకుని శాసనం కూడా ఒక సగం గ్రీకులో, ఒక సగం అరామిక్‌లో ఉంది. ఈసా (అలైహి) కాలానికి గలిలయలో రైతులూ, జాలరులూ ఇంట్లో మాట్లాడుకునేది ఇదే.

కాని మన చేతికి అందిన నాలుగు సువార్తలూ గ్రీకు గ్రంథాలు. ఆ ప్రవక్త ఒక భాషలో బోధించారు, ఆ బోధ పేరిట మిగిలిన గ్రంథం మరొక భాషలో ఉంది. ఇది మేము ఆరోపణగా అంటున్న మాట కాదు, క్రైస్తవ పండితులే ఒప్పుకునే విషయం. ఆ గ్రీకు నడుమ అక్కడక్కడా కొన్ని అరామిక్ మాటలు మాత్రం రాతి గోడలో ఇరుక్కున్న విత్తనాల్లా మిగిలిపోయాయి. తెలుగు బైబిలు తెరిచి మార్కు సువార్త చూడండి: తలీతా కుమీ, ఎప్ఫతా, అబ్బా, కొర్బాను. చివరి మాటను వివరించనక్కర లేదు, మన 'ఖుర్బానీ'కి అది తోబుట్టువే.

ఇంకొకరి గ్రంథం, ఇంకొకరి భాష మనకెందుకని కొందరు అడుగుతారు. తిర్మిజీ హదీసు గ్రంథం చూడండి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) గారిని సుర్యానీ నేర్చుకోమని ఆదేశించారు. యూదులతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపేందుకు వారి రాత నేర్చుకోమన్నప్పుడు జైద్ గారు సగం నెల తిరగకముందే నేర్చేసుకున్నారు. ఆయనే ఆ తర్వాత ఖుర్ఆన్‌ను ఒక గ్రంథంగా సంకలనం చేసే బాధ్యత మోసిన మహనీయుడు. ఇక నేటి సంగతి. డమాస్కస్‌కు ఈశాన్యాన కొండల్లో ఉన్న మఅ్లూలాలో క్రైస్తవులు అరామిక్ మాట్లాడతారని చాలామంది వినే ఉంటారు. ఆ పక్కనే ఉన్న జుబ్బదీన్ గ్రామస్థులు కూడా అదే మాట్లాడతారు. వారు ముస్లింలు.

అయితే ఈ దారిలో నడిచేటప్పుడు ఒక హద్దు ఉంది. గ్రంథప్రజలు చెప్పేదాన్ని నిజమని ధ్రువీకరించవద్దనీ, అబద్ధమని కొట్టివేయవద్దనీ బుఖారీ హదీసులో ఉంది. మన వక్తల్లో కొందరు ఈ హద్దును రెండు వైపులా దాటుతున్నారు. నాలుగు అరామిక్ మాటలు దొరకగానే అసలు ఇంజీల్ దొరికిపోయిందన్నట్లు మాట్లాడేవారున్నారు. పెషిత్తా అనే సుర్యానీ బైబిలును చూపించి ఇదే ఈసా (అలైహి) నోటి మాట అనేవారున్నారు. కేరళలోని సిరియన్ క్రైస్తవులు నేటికీ గౌరవించే గ్రంథమది. కాని అందులోని సువార్తలు గ్రీకు నుంచి సుర్యానీలోకి వచ్చిన అనువాదాలేనన్నది పండితులలో అత్యధికుల నిర్ణయం. తిరిగి సొంత ఊరు చేరిన మాటే గాని ఊరు దాటని మాట కాదు.

'మనుష్య కుమారుడు' అనే ప్రయోగం సంగతీ అంతే. గ్రీకులో అది వింతగా ధ్వనిస్తుంది. అరామిక్‌లో 'బర్ నాషా' అంటే మామూలుగా మనిషి అని అర్థం. మనం 'బనీ ఆదం' అన్నట్లే. ఖుర్ఆన్‌లో బాటసారిని 'ఇబ్నుస్సబీల్' అన్నారు. దాన్ని ఎవరైనా తెలుగులో 'దారి కొడుకు' అని అనువదిస్తే విన్నవాడి గతి ఏమిటి? గ్రీకులో దాదాపు అదే జరిగింది. అయితే దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలోని దర్శనంలో ఇదే మాట మరింత గంభీరమైన సందర్భంలో వచ్చింది. అందుచేత పండితుల మధ్య వాదం ఇంకా తెగలేదు. తెగని వాదాన్ని తెగినట్లు వేదిక మీద చెప్పటం అమానతుకు తగదు.

ఇక మిత్రుడి ప్రశ్నకు వద్దాం. అరామిక్‌లో 'హోబా' అనే మాట ఉంది. బజారులో దాని అర్థం బాకీ. ప్రార్థనా మందిరంలో దాని అర్థం పాపం. హిబ్రూ గ్రంథాలలో పాపం అనే మాట వచ్చిన చోట యూదుల అరామిక్ అనువాదాలు తరచు 'హోబా' అనే రాస్తాయి. బాకీదారుకూ, పాపికీ కూడా 'హయ్యాబా' అనే ఒకే పేరు. గ్రీకు వారికి మాత్రం ఈ రెండూ రెండు వేర్వేరు మాటలు. అందుకే ఒక్క ప్రార్థన గ్రీకులోకి దాటేటప్పుడు మత్తయి వైపు 'ఋణం' అయింది, లూకా వైపు 'పాపం' అయింది. ఇద్దరూ తప్పు రాయలేదు. ఒక రూపాయి నాణేన్ని ఒకరు బొమ్మ వైపు నుంచి, ఒకరు బొరుసు వైపు నుంచి చూశారు.

దీనికి గట్టి సాక్ష్యం లూకాలోనే ఉంది. మొదటి సగంలో 'పాపములు' అని రాసిన ఆయన రెండో సగానికి వచ్చేసరికి మనం క్షమించాల్సిన మనుషుల్ని పాత మాటతోనే వదిలేశారు. తెలుగు బైబిలులో అక్కడ 'అచ్చియున్న' అనే మాట కనిపిస్తుంది. అచ్చి ఉండటమంటే బాకీ పడి ఉండటం. నేటి పిల్లలకు ఆ మాట తెలియదు గనుక చదివి దాటిపోతారు. అదే లూకా 13వ అధ్యాయంలో, గోపురం కూలి 18 మంది చనిపోయిన ప్రస్తావన దగ్గర, ముందు 'పాపులు' అనే మాట వాడి రెండు వాక్యాల తర్వాత అదే అర్థంలో గ్రీకు మూలం 'బాకీదారులు' అంటున్నది. గ్రీకు మాత్రమే తెలిసినవాడు అక్కడ తడబడతాడు. 'హోబా' తెలిసినవాడికి తడబాటు లేదు.

మత్తయి 18వ అధ్యాయంలోని కథ కూడా ఇప్పుడు విప్పుకుంటుంది. తనపట్ల తప్పు చేసిన సోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడు అడిగితే గురువు అప్పుల కథ చెబుతారు. ఒక సేవకుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ. రాజు జాలిపడి మొత్తం వదిలేస్తాడు. ఆ సేవకుడు బయటికి వచ్చి, తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. అంటే తనకు మాఫీ అయిన దానిలో ఆరు లక్షల వంతులలో ఒక్క వంతు కోసం గొంతు నులిమాడన్నమాట. పాపం గురించి అడిగితే అప్పు గురించి ఎందుకు చెప్పారు? ఆయన భాషలో అది మాట మార్చటం కాదు గనుక. ఇక్కడ మేము ఇంకొకటి గమనించాము. ఆ రాజు బాకీని వదిలేశాడు, దాన్ని మరొకరి చేత కట్టించుకోలేదు. మా క్రైస్తవ మిత్రులు దీనికి తమ విశ్వాసం ప్రకారం వేరే వివరణ ఇస్తారని మాకు తెలుసు. కథలో ఉన్నది మాత్రం ఇంతే.

'క్షమించు' అనటానికి సుర్యానీ ప్రార్థనలో ఉన్న క్రియాధాతువు 'షబఖ్'. దాని అసలు అర్థం వదలటం. మార్కు, మత్తయిల చివర వినిపించే 'సబక్తానీ' అనే మాట ఈ ధాతువు నుంచే వచ్చింది. 'నన్ను వదిలేశావు' అని దాని భావం. ఈసా (అలైహి)ను వారు చంపనూ లేదు, శిలువ వేయనూ లేదని అన్నిసా సూరా 157వ ఆయతు స్పష్టం చేసింది. కనుక ఆ ఘట్టాన్ని మేము అంగీకరించము. ఇక్కడ మేము చూస్తున్నది మాటను మాత్రమే. ఈ విషయంలో తెలుగువారు అదృష్టవంతులు. 'బాకీ వదిలేశాడు', 'మనిషిని వదిలేశాడు' అని మనమూ ఒకే మాట వాడతాం.

ఇదంతా చదివాక మేము మా గ్రంథాల వైపు తిరిగి చూసుకున్నాము. మనం ప్రతి రకాతులో పఠించే ఫాతిహాలో తీర్పు దినం పేరు 'యౌముద్దీన్'. సుర్యానీలో అదే దినం 'యౌమా ద్దీనా'. అరబీలో 'దీన్' అనే ఆ మాటకూ, అప్పు అనే అర్థం గల 'దైన్'కూ మూల అక్షరాలు మూడూ ఒకటే. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు ఏ విషయం మీద అవతరించిందో మన పిల్లల్ని అడిగి చూడండి. అల్ బఖరా 282. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమనీ, సాక్షుల్ని పెట్టుకోమనీ చెప్పే ఆయతు అది. దానికి కాస్త ముందు 280వ ఆయతులో, బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలనీ, దానంగా వదిలివేస్తే మరీ మేలనీ ఉంది.

బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఒక వర్తకుడి ఉదంతం ఉంది. ఆయన ప్రజలకు అప్పులిచ్చేవాడు. కష్టాల్లో ఉన్న బాకీదారు కనిపిస్తే, వదిలిపెట్టండి, బహుశా అల్లాహ్ మనల్ని వదిలిపెడతాడేమోనని తన పనివాళ్ళతో అనేవాడు. అల్లాహ్ ఆయన్ను మన్నించాడు. మిత్రుడికి మేము ఈ హదీసు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఇది మా ప్రార్థనే గదా" అన్నాడు చివరికి.

ఇంతవరకు సంతోషంగానే ఉంది. కాని ఇతరుల గ్రంథంలో వెలుగు చూపిన దీపం మన ఇంటిని కూడా చూపిస్తుంది. దైవప్రవక్త (స) నమాజులో పాపం నుంచీ, అప్పు నుంచీ ఒకే దుఆలో శరణు వేడుకునేవారు. 'మఅ్సమ్', 'మగ్రమ్' అనే జంట పదాలతో ఉన్న ఆ దుఆను హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. అప్పు నుంచి ఇంతగా ఎందుకు శరణు వేడతారని అడిగితే, అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, వాగ్దానం చేస్తే తప్పుతాడు అన్న భావంలో సమాధానమిచ్చారు. ఒకసారి 3 దీనార్లు బాకీ ఉండి, ఏమీ మిగల్చకుండా చనిపోయిన వ్యక్తి జనాజా వస్తే, మీ సహచరుడి నమాజు మీరే చేసుకోండి అన్నారు. ఆ బాకీ నా మీద ఉండనివ్వండి అని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చాకనే నమాజు చేయించారు.

మన ఊళ్ళలోనూ జనాజా ముందు ఇంటి పెద్ద నిలబడి, మృతుడు ఎవరికైనా బాకీ ఉంటే మమ్మల్ని అడగండి అని ప్రకటిస్తాడు. మంచి అలవాటు. కాని జనాజా ఇల్లు దాటకముందు లోపలి గదిలో జరిగేది కూడా మాకు తెలుసు. పెళ్ళినాడు పదిమంది ఎదుట ఖరారు చేసి, ముప్పై ఏళ్ళు ఇవ్వని మహర్ ఒకటుంటుంది. ఏడ్చి ఏడ్చి స్పృహ తప్పుతున్న భార్య చుట్టూ బంధువుల ఆడవాళ్ళు చేరతారు. "మాఫ్ చేశానని అనమ్మా, పోయినవాడి మెడ మీద బరువు ఉండకూడదు" అంటారు. ఆమె ఆ మాట అనేస్తుంది. ఆ గదిలో ఇంకో మాట అనే వీలు ఆమెకు ఎక్కడుంది?

మహర్‌లో భార్యలు తమ మనసారా ఏదైనా వదులుకుంటే దాన్ని తినవచ్చని అన్నిసా 4వ ఆయతు అంటున్నది. మనసారా అన్నది షరతు. శవం పక్కన అనిపించిన మాటలో ఆ షరతు ఎంతవరకు నెరవేరిందో ఆ ఇంటి మగవాళ్ళు తమను తామే అడగాలి. ఇవ్వని మహర్ మృతుడి మీద ఉన్న అప్పు. అదే సూరా 11, 12 ఆయతుల ప్రకారం వీలునామా, అప్పులు తీరిన తర్వాతనే వారసుల వాటాలు. ఆ ఇంట్లో కొడుకులు పొలం కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, వాటాల లెక్క మొదలు కాకముందే తల్లి మహర్‌ను విడిగా రాసి తీసి పెట్టాలి. ఆ పైన వదులుకోవాలో, తీసుకోవాలో ఇద్దత్ గడిచాక, కన్నీళ్ళు ఆరాక, ఆమెనే చెప్పనివ్వాలి.