నిగ్రహమా, పరివర్తనమా?

చిత్తచాంచల్యమును శమింపజేయుటకు దానిని బలిమిచే అణచివేయవలెనా, లేక ఆ చాంచల్యమునందలి శక్తినే వేఱొక త్రోవకు మఱలింపవలెనా అను ప్రశ్న మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. చిత్తవృత్తులను నిరోధించుటయే యోగమని పతంజలి నిర్వచించెను. ఇంద్రియములను వశపఱచుకొనుమని పలుమాఱు బోధించిన భగవద్గీతయే, సర్వభూతములును తమ ప్రకృతిని బట్టి వర్తించుచుండగా నిగ్రహ మేమి చేయగలదని మూడవ అధ్యాయమున సంశయమును లేవనెత్తినది. నారదుని భక్తిసూత్రములు కామక్రోధాభిమానములను సైతము భగవంతునియందే చూపుమన్నవి. ఈ మూడింటిని ఒక్కచోట నుంచుకొని యోచించు సాధకునకు ఏ మార్గము తనదో నిర్ణయించుకొనుట సులభము గాదు. టర్బైను బ్లేడుల కంపనమును తగ్గించుటకై ఇంజనీర్లు చేయుచున్న ఒక ప్రయత్నమును పరిశీలించునపుడు నాకీ చిక్కుముడి కొంత వదులైనట్లు తోచినది. ఆ తలపునే యిచట విన్నవించుచున్నాను.

నిమిషమునకు 3000 పరిభ్రమణములు చేయు ఆవిరి టర్బైనునందు ప్రతి బ్లేడును సెకనునకు 50 మాఱులు చుట్టివచ్చును. కదలక నిలిచియుండు నాజిళ్ల వరుస దాని కెదురుగా నుండును. ఆ వరుసలో 60 నాజిళ్లున్నచో బ్లేడునకు సెకనునకు 3000 చిఱుతాకుడులు తగులును. తాకుడు ఒక్కొక్కటియు అల్పమే. కాని ఆ తాకుడుల సంఖ్యయు, బ్లేడు తనంత తాను ఊగు సహజ పౌనఃపున్యమును ఏకమైనప్పుడు, ప్రతి తాకుడును వెనుకటి ఊపునకు బలము చేకూర్పగా, అనునాద మేర్పడి, లోహము లోలోపల నలసి, వెండ్రుకవాసి బీటవాఱి, తుదకు తెగును. గంగాతీరమునందలి నరోరా అణువిద్యుత్కేంద్రమున 1993 మార్చి 31 తెల్లవాఱుజామున జరిగిన ఉపద్రవమునకు మూలము, టర్బైను చివరి వరుసలో ఇట్లు అలసి తెగిన రెండు బ్లేడులే. యంత్రము తూకము తప్పి అదరిపోయి, జనరేటరునందలి హైడ్రోజను వెలికుఱికి మండి, కేబుళ్లు కాలి, కేంద్రమంతయు అంధకారబంధురము కాగా, ఉద్యోగులు టార్చిలైట్లు చేతబట్టి రియాక్టరు భవనముపైకెక్కి, బోరాను ద్రావణపు కవాటములను తమ చేతులతోనే త్రిప్పి విడువవలసివచ్చెను. విషయస్పర్శ యొక్కటియే మనుష్యుని పడగొట్టజాలదు. లోనున్న వాసన దానితో లయ కలిపినప్పుడే చేటు మూడును.

1880లో పారిసు నగరమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అను సోదరులు స్ఫటికము, టూర్మలీను మొదలగువానిని ఒత్తినప్పుడు వాని ముఖములపై విద్యుదావేశము పుట్టుచున్నదని కనుగొనిరి. ఈ గుణమును పొందిన పింగాణిని పలుచని పలకగా జేసి బ్లేడునకు అంటించినచో, బ్లేడు వంగినప్పుడెల్ల అదియు సాగుచు ముడుగుచు విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తును తీగెలగుండ ఒక రెసిస్టరునకు కొనిపోయినచో నది వేడిమియై వెలికిపోవును. పోయినంత మేరకు కంపనము క్షీణించును. బయటినుండి శక్తి నేమియు తెచ్చుట లేదు. తన్ను శమింపజేయు శక్తిని కంపనమే సమకూర్చుచున్నది. బ్లేడు తిరుగుట మానదు, వణకుట మాత్రము తగ్గును. కర్మను విడువక కర్మయందలి ఉద్వేగమును విడుచుట యనగా నిట్టిదే గదా!

ఆ పలక నెచట నంటింపవలెనను విషయము నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఊపు కంటికి కనబడునది బ్లేడు కొనయందు. కాని కొన ఊగునే కాని అంతగా వంగదు. సాధారణమైన వంపుకంపనమున వికృతి అధికముగా నుండునది మొదటియందు. కావున పలకకు తావు మొదలే. క్రోధము కామమునుండి పుట్టునని గీత స్పష్టముగా చెప్పుచుండ, మనము నాలుక దగ్గఱ కావలి కూర్చుందుము. మఱియొక విశేషము: తీగెలను దేనికిని కలుపక విడిచినచో ఆవేశము పలకయందే చిక్కి, బ్లేడును ఇంచుక బిగువెక్కించి, మఱుసటి ఊపులో ఆ శక్తి తిరిగి బ్లేడునకే చేరును. అడ్డేమియు లేక రెండు తీగెలను నేరుగా కలిపినచో, విద్యుత్తు ఊరక ప్రవహించునే కాని శక్తి వ్యయము కాదు. ఈ రెంటికి నడుమ, కంపన పౌనఃపున్యమునకు తగిన నిరోధ ముంచినప్పుడే శమనము పరమావధి నందును. ఉద్వేగమును లోన బంధించినవానికిని, దానిని విచ్చలవిడిగా వదలినవానికిని శాంతి కలుగకుండుటకు ఇంతకన్న విస్పష్టమైన నిదర్శనము నేనెఱుగను.

ఐనను ఈ మార్గమునకు ఒక హద్దు కలదు. సీసము, జిర్కోనియము, టైటానియముల సమ్మేళనమైన ఆ పింగాణికి, కొలిమినుండి వెలువడినప్పుడు ఈ గుణ ముండదు. దాని కణములలోని ధ్రువములు తలకొక దిక్కు చూచుచుండును. కాచిన నూనెలో నుంచి తీవ్రమైన విద్యుత్ క్షేత్రమునకు లోబఱచినప్పుడే అవి ఒక దిక్కునకు మఱలి, క్షేత్రమును తీసివేసిన పిమ్మటను ఆ సంస్కారమును నిలుపుకొనును. కాని పియరీ క్యూరీ పేరుతోనే పిలువబడు ఒకానొక ఉష్ణోగ్రతను, అనగా రకమును బట్టి 300 డిగ్రీల సెల్సియస్‌కు అటునిటుగా నుండు హద్దును, దాటినచో ఆ ధ్రువత యంతయు నశించును. చల్లార్చినను తనంత తాను తిరిగి రాదు. క్రోధమువలన సమ్మోహము, సమ్మోహమువలన స్మృతినాశము కలుగునని గీత చెప్పిన వరుస యిదియే. అందుచేతనే ఇట్టి పలకలను ముఖ్యముగా విమానయంత్రములలో చల్లని భాగమైన ఫ్యాను బ్లేడులకై యోచించుచున్నారు. అమెరికాయందలి నాసా గ్లెన్ పరిశోధన కేంద్రమున అట్టి ప్రయోగములు జరిగినవి. వేయి డిగ్రీలకు మించిన వాయువుల కెదురుగా తిరుగు టర్బైను బ్లేడులకు మాత్రము, వాని పీఠముల క్రింద చిన్న లోహపు ముక్కల నుంచుదురు. అపకేంద్ర బలముచే అవి పైకి ఒత్తుకొని, రాపిడిచేతనే కంపనమును తగ్గించుచు, తామును అరుగుచుండును.

నిగ్రహమును మోటుపద్ధతి యని ఈసడించువారితో నేనందుచేతనే ఏకీభవింపజాలను. పరివర్తనము శ్రేష్ఠమే, కాని మనస్సు ఇంకను చల్లగా నున్నప్పుడు, ముందే సంస్కారము పొందియున్నప్పుడు మాత్రమే అది పనిచేయును. కోపము తలకెక్కినవానికి ఆ క్షణమున మౌనమే, అచటినుండి లేచిపోవుటయే శరణ్యము, దానివలన మనస్సునకు రాపిడి తప్పకున్నను. సాధన చేయు చదువరులు తమ అనుభవముతో దీనిని సరిచూచుకొన ప్రార్థన.