పని యను మాట

తెల్లవారి పొయ్యి ముట్టించినది మొదలు రాత్రి దీపము మలుపువరకు తెలుగింటిలో మాటిమాటికి వినవచ్చు మాటలలో ‘పని’ యొకటి. రెండక్షరముల యీ మాటకు అర్థము తెలియనివారుండరు. కావుననే దాని యర్థమును తరచి చూచువారు అరుదు.

పొలము దున్నుట పని. ఇచ్చట పనియనగా శ్రమ. ‘మీతో కొంచెము పనియున్నది’ అని పొరుగువాడు గడపలో నిలిచినప్పుడు అది శ్రమ కాదు, అవసరము. ‘మందు పనిచేసినది’ అన్నప్పుడు గుణము. ‘ఈ చెక్కడములో పనితనమున్నది’ అన్నప్పుడు నేర్పు. ‘పనిగట్టుకొని వచ్చెను’ అన్నప్పుడు ఉద్దేశము. ‘ఈ వాసము పందిటికి పనికివచ్చును’ అన్నప్పుడు ఉపయోగము. ‘మా మాటలలో నీకేమి పని?’ అన్నప్పుడు ప్రమేయము. ‘వాని పని పట్టెదను’ అన్నచో శిక్ష. ‘వాని పని యైపోయినది’ అన్నచో వినాశము. తమిళమున ‘పణి’ యను మాటకు పని, సేవ యను అర్థములతోపాటు, క్రియగా వినయముతో వంగుట యను అర్థమును కలదు.

ఒక మాటకు పెక్కర్థములుండుట భాషకు దోషము కాదు, సంపద. వినువాడు సందర్భమును బట్టి తెలిసికొనును. ఒక యర్థముతో బయలుదేరిన మాట నడుమదారిలో వేరొక యర్థమునకు జారిపోయినను వినువాడు గుర్తింపకపోవుటలోనే చిక్కున్నది.

ఒక యింటిలో వృద్ధుడైన తండ్రికి పక్షవాతము వచ్చి మంచము పట్టెననుకొందము. ‘నాయనగారు ఇప్పుడు పని చేయలేరు’ అని కొడుకు చెప్పును. అది నిజము, ఇచ్చట పనియనగా శ్రమ. కొన్నినెలలు గడచిన పిమ్మట అదే యింటిలో ‘ముసలివాడు ఏ పనికిని రాడు’ అను మాట వినబడును. ఇచ్చట పనియనగా ఉపయోగము. మొదటిది తండ్రి శరీరమును గూర్చిన వార్త. రెండవది ఆయన బ్రతుకుపై తీర్పు. ఈ రెంటి నడుమనున్న అగాధమును ఒకే మాట కప్పివేసినది. వాసము పందిటికొరకు, కుండ నీటికొరకు ఏర్పడినవి. విరిగిన వాసము, చిల్లిపడిన కుండ పనికిరానివే. మనుష్యుడు దేనికొరకు ఏర్పడిన పనిముట్టు?

స్త్రీల విషయమున మాట మరియొక విధముగా జారుచున్నది. ‘మీ యింటావిడగారు ఏమి పని చేయుదురు?’ అని యడిగినచో ‘ఏ పనియు లేదండి, ఇంటిలోనే యుండును’ అని పలువురి సమాధానము. ఆ నోటనే వంటపని, ఇంటిపని, పాచిపని యను మాటలు వచ్చుచుండును. సమాసములో పని యైనది విడిగా నడిగినప్పుడు పని కాకపోయినది! ఏలయన, ఇచ్చట పనియనగా జీతము. 2011 జనాభా లెక్కలలో ఇంటిపనులు మాత్రమే చేయువారు పని చేయనివారి పట్టికలోనే చేరిరి. 2019లో కేంద్రప్రభుత్వ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటివారికొరకు జీతములేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు రోజునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలినది. ‘ఏ పనియు లేదు’ అనునది ఇంచుమించు ఐదుగంటల శ్రమకు పెట్టిన పేరు.

వ్యాకరణమును ఇచ్చట గమనింపదగినది. పురుషుని నిందించునప్పుడు ‘పనికిరానివాడు’ అందురు. స్త్రీని ‘పనికిరానిది’ అందురు. పగిలిన కుండనును అట్లే యందురు. స్త్రీవాచకము ఏకవచనమున జడవాచకముతో కలసి నడచుట భాషలో పాతుకొనిన మర్యాద. దానిని మార్చుట యెవరి తరమును కాదు. మనస్సు కూడ ఆ ప్రత్యయము వెంట నడువవలెనను నియమము మాత్రము లేదు.

పనికి విలువ కట్టకున్నచో లోకమెట్లు నడచును, సోమరి మేలుపొందడా యని కొందరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కూలికి కొలత కావలసినదే. శరణులును సోమరితనమును మెచ్చలేదు. జంగమునకైనను కాయకము తప్పదనిరి. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని కాలపు శరణులలో మడివాలు మాచయ్య బట్టలుతికెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను, ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమేరి తెచ్చెను. ఒకనాడు మారయ్య నిత్యమునకంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ ఆ మిగులును తెచ్చినచోటనే విడిచిరమ్మని మరలించినదని కథ. పనికి రాశియే కొలతయైనచో ఎక్కువ బియ్యము గొప్పపని కావలెను. లక్కమ్మ దృష్టిలో అది కాయకమున చేరిన ఆశ. ఆమె పనిని కొలిచెను. పని పేరిట భర్తను కొలువలేదు.

కాయము చేయునది కాయకము. మరి కాయము చతికిలబడిన నాడేమి? దీనికి సమాధానము ప్రతి యింటిలోను ఉన్నది. పని యన నేమో యెరుగని పసిబిడ్డకు ఇష్టలింగము కట్టుదురు. మంచము పట్టిన తాత యెదపైనను అదే లింగము. పని మొదలుకాకమునుపే వచ్చిన లింగము పని ముగిసిన పిమ్మటను విడువదు. కాయక ఫలమును దాసోహముగా పంచుమన్న ధర్మములో పుచ్చుకొనువాడును శివుని పాలివాడే. లింగమునకు ఆలయమైన దేహమును పనికిరానిదనుటకు ఏ నాలుకకు అధికారమున్నది?

పని యను మాటను విడిచి బ్రతుకు సాగదు. పిల్లలకు దాని యర్థములను నేర్పు చోటు బడి కాదు, ఇల్లు. ‘తాత ఏ పనికిని రాడు’ అని మనుమడన్నప్పుడు, ఆ మాటను విన్నవారు ఊరకుండరాదు. ‘తాత పని చేయలేడు నాయనా’ అని దిద్దవలెను. ఆ దిద్దుబాటు మంచముమీది వానికి వినబడునట్లు చేసిన మరింత మంచిది.